డ్రాయింగ్ క్లాసులో స్క్రీన్ మీద అసభ్య వీడియో వచ్చింది, రేపు పిల్లలకి ఏం చెప్పాలి?

డ్రాయింగ్ టీచర్, గుణుపురం
ఈరోజు ఏడో తరగతికి సవర గిరిజనుల ఇడితాల్ బొమ్మలు చెబుతున్నాను. మన పుట్టాసింగ్ వైపు గోడల మీద వేసేవే, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే ముద్ర) వచ్చింది. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో మనుషుల్ని త్రికోణాల్లా ఎలా గీస్తారో ప్రొజెక్టర్‌లో చూపిద్దామని నెట్‌లో వెతికాను. ఒక బొమ్మ మీద నొక్కితే వేరే ఏదో సైటు తెరుచుకుంది. పక్కన యాడ్‌లో బట్టల్లేని వీడియో! కంగారులో మౌస్ బాణం ఎక్కడుందో కనబడలేదు. లెన్సుకి అరచెయ్యి అడ్డం పెట్టాను. ఆ రంగులు నా చేతి మీద కదులుతూనే ఉన్నాయి.

నాలుగైదు సెకన్లే. వెనక బెంచీ మగపిల్లలు నవ్వారు. ముందు బెంచీలో ఒక పాప మాత్రం తలెత్తకుండా, గీసిన త్రికోణాన్నే కాగితం చిరిగేదాకా దిద్దుతూ కూర్చుంది. ఇంతలో బెల్లు కొట్టారు. నేను ఒక్క మాటా మాట్లాడలేకపోయాను. రాత్రి పదిన్నరైంది, నిద్ర రావట్లేదు. హెడ్మాస్టర్ గారికి చెప్పాలా? తల్లిదండ్రులకో?

ఒక అమ్మ, రాయగడ
ఇద్దరికీ చెప్పండి టీచర్ గారూ, పొద్దున్నే. పిల్లల నోట, ఊళ్లోవాళ్ల నోట పడి తిరిగి వస్తే మీరే కావాలని చూపించారంటారు. మావాడు ఇలాంటిదే ఫోన్‌లో చూసి, ఫోన్ లాక్కుంటానేమోనని మూడు రోజులు నాకు చెప్పలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. అందుకే "మీ తప్పేమీ లేదు" అన్నమాట ముందు చెప్పండి. ఆ పాపని మాత్రం అందరి ముందూ అడగొద్దు.

కంప్యూటర్ మాస్టారు, పర్లాకిమిడి
గూగుల్ సెట్టింగుల్లో సేఫ్‌సెర్చ్ అని ఉంటుంది, అందులో ఫిల్టర్ పెట్టండి మేడమ్. కానీ అది గూగుల్ చూపించే ఫలితాలనే వడగడుతుంది, సైటు లోపలి యాడ్లని ఆపలేదు. మీకు జరిగింది అదే. కంప్యూటర్ నెట్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ (సైటు పేరు చూసి దాని అడ్రసు వెతికిపెట్టేది) 1.1.1.3 అని పెడితే అశ్లీల సైట్లు చాలామటుకు తెరుచుకోవు. చివర 3 మర్చిపోకండి, 1.1.1.1 వీటిని ఆపదు. నేనైతే బొమ్మలు ముందురోజే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, క్లాసులో నెట్ తీసేస్తాను. ప్రొజెక్టర్ రిమోట్ మీద బ్లాంక్ బటన్ ఉందేమో చూడండి, నొక్కగానే తెర నల్లబడుతుంది.

డ్రాయింగ్ టీచర్, గుణుపురం
చెప్పాను. హెడ్మాస్టర్ గారు మొదట కోప్పడ్డారు, తర్వాత ఆయనే కూర్చుని అందరి ఇళ్లకీ ఫోన్లు చేశారు. పిల్లలతో "నిన్న రాకూడనిది వచ్చింది. మీ తప్పు కాదు. ఎప్పుడైనా ఇలా కనబడితే పెద్దవాళ్లకి చెప్పండి, ఎవరూ తిట్టరు" అన్నాను. నవ్విన పిల్లల్ని ఏమీ అనలేదు, వాళ్లూ భయపడే నవ్వి ఉంటారు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆ పాప తనే వచ్చి, "నేను చూశానని అమ్మకి తెలుసా టీచర్?" అంది. తెలుసమ్మా, నీ మీద కోపం లేదంది అన్నాను. చిరిగిన కాగితం నా చేతికిచ్చి, కొత్తది అడిగింది.