రాక్షస గుళ్ల మధ్య నీటి కందకాలు: కూలీ పోకుండా రాళ్లను కాపాడేదెలా?

గుట్టకింది మేట్:
నమస్కారం. నేను ఉపాధి హామీ పనుల్లో కూలీల గుంపును చూసుకునే మేట్‌ని. మా ఊరి గుట్ట ప్రభుత్వ భూమి. ఈ వేసవిలో అక్కడ నీటి కందకాలు మంజూరయ్యాయి. గుట్ట నడుమ బండరాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి. ఊళ్లో వాటిని రాక్షస గుళ్లు అంటారు, నిజానికవి పురాతన సమాధులు. ఆరు లెక్కపెట్టాను.

మంగళవారం మోకాలి లోతు తవ్వేసరికి కుండ పెంకులు బయటపడ్డాయి. లోపల నలుపు, బయట ఎరుపు. వెంటనే పని ఆపించాను. దాంతో కొలతలు తగ్గాయి, కూలీ కూడా తగ్గుతుంది. "ఈ రాళ్లు మనకు అన్నం పెడతాయా?" అని మా గుంపులోని పెద్దమ్మ నిలదీసింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అదే పెద్దమ్మ ఒక పెంకును కొంగుతో తుడిచి, అంచు తడిమి, "మా అమ్మ కుండ మూతి ఇలాగే ఉండేది" అంటూ మెల్లగా గట్టు మీద పెట్టింది.

అధికారులకు చెబితే గుట్ట మూసేస్తారని, వంద మీటర్లలో గోడ కూడా కట్టనివ్వరని ఊళ్లో భయం. అవతలి వైపు రోడ్డు పనికి మొరం తవ్వుతున్నారు. తవ్వకం ఒక రాక్షస గుడి దాకా వచ్చేసింది. ఏం చేయమంటారు?

విశ్రాంత సర్వేయర్:
అమ్మా, ఆపి మంచి పని చేశారు. 100 మీటర్ల నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల నియంత్రణ 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణలోనివి. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోటికే వర్తిస్తాయి. అర్జీ పెట్టినంత మాత్రాన మీ గుట్టకు రావు.

పని రద్దు చేయమనకండి, కందకాల గీతను కింది వాలుకు జరపమనండి. పక్కన పార పెట్టి ప్రతి వలయాన్నీ ఫొటో తీయండి, పరిమాణం తెలుస్తుంది. సర్వే నంబరుతో గ్రామసభ తీర్మానం చేసి కలెక్టరుకు, వారసత్వ శాఖకు పంపండి. మొరం తవ్వేవారిని అనుమతి పత్రంలోని హద్దులు చూపమని అడగండి.

డ్యామ్ దగ్గరివాడు:
నాగార్జునకొండలో తవ్వి తీసి మ్యూజియంలో పెట్టారు కదా, ఇక్కడా అలా చేయవచ్చు.

గుట్టకింది మేట్:
అక్కడ సాగర్ నీళ్లు ముంచబోతున్నాయి కాబట్టి ఏళ్ల తరబడి శాస్త్రీయంగా తవ్వి, తరలించారు. మా కందకం ఇరవై అడుగులు పక్కకు జరిగితే చాలు. సమాధిని కదిలించాల్సిన అవసరం ఏముంది?

మందవారి బిడ్డ:
అక్కా, కంచె మాత్రం వేయించకండి. మేకలు ఆ బండల నీడలో తరతరాలుగా పడుకుంటున్నాయి. రాళ్లను పెకలించేది ట్రాక్టరు, జేసీబీ. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో పది నుంచి పద్నాలుగు అడుగుల నిలువురాళ్లున్నాయి. అందులో ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో ఆ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. అంతకు ముందు ఎన్నో తరాలు వాటిని కాచింది ఊరి భక్తే.

గుట్టకింది మేట్:
సర్వేయర్ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. గీత మార్చడానికి ఒప్పుకున్నారు. మొరం సంగతి ఇంకా తేలలేదు, సోమవారం గ్రామసభలో లేవనెత్తుతాను. రేపు పొద్దున్నే వలయాల చుట్టూ సున్నం గీత వేస్తున్నాం. సున్నం బకెట్టు తాను మోస్తానని పెద్దమ్మ చెప్పింది.