టర్కీ సీరియళ్లలో యూదు విలన్: ఎంత చరిత్ర, ఎంత అల్లిక?

కృష్ణలంక_ప్రేక్షకుడు:
విజయవాడలో మా ఫిల్మ్ క్లబ్, ఒట్టోమన్ (పాత టర్కీ సామ్రాజ్యం) సుల్తాన్ మీద తీసిన టర్కీ సీరియల్ ‘పాయితహ్త్: అబ్దుల్‌హమీద్’ రెండు ఎపిసోడ్లు వేసి చర్చ పెడుతోంది. ఏ గొడవ మూలం తవ్వినా చివరికి ఒక యూదుడే తేలుతున్నాడు. ‘సీరియలే కదా’ అనేవాళ్లకు ఏం చూపించాలి? రికార్డులో ఉన్నదాన్ని, అల్లినదాన్ని ఎలా విడదీయాలి?

బ్రాడీపేట_4వలైను:
మొత్తం అబద్ధమైతే పట్టుకోవడం తేలికండీ. ఇది నిజాల్లోంచి ఏరి కట్టిన కథ. ప్రభుత్వ ఛానల్ టీఆర్‌టీ 2017 నుంచి 2021 దాకా వేసింది. 1897లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జియోనిస్టుల (యూదులకు సొంత దేశం కావాలన్నవాళ్ల) మహాసభ నిజం. పాలస్తీనాలో చోటిస్తే ఒట్టోమన్ అప్పుల భారం దించే దారి చూపిస్తామని జియోనిస్టు నాయకుడు హెర్జల్ రాయబారం నడపడం, సుల్తాన్ అబ్దుల్‌హమీద్ ఒప్పుకోకపోవడం నిజం. కానీ 1901 మేలో అదే సుల్తాన్ హెర్జల్‌కు దర్శనమిచ్చాడు, మెజీదియే పతకం కూడా ఇచ్చాడు. ఆగర్భ శత్రువుకు ఎవరైనా పతకం ఇస్తారా?

సీరియల్లో హెర్జల్ కన్నతండ్రినే బందీ చేస్తాడు. అసలు తండ్రి యాకోబ్ కొడుక్కి అండగా నిలిచి, 1902లో వియన్నాలో పోయాడు. చర్చలో ఈ మార్పు దగ్గరే ఆగండి. రాజకీయ ప్రత్యర్థిని చూపించడానికి తండ్రి చెర అక్కర్లేదు. పుట్టుకతోనే రాక్షసుడని నమ్మించడానికే అది కావాలి.

1909లో సుల్తాన్ పదవీచ్యుతి కూడా అంతే. షేక్ ఉల్ ఇస్లాం (సామ్రాజ్యపు పెద్ద మతాధికారి) ఫత్వా ఇచ్చాడు, పార్లమెంటు తీర్మానించింది. ఆ కబురు చెప్పడానికి వెళ్లినవాళ్లు నలుగురు: ఇద్దరు ముస్లింలు, ఒక అర్మీనియన్, సలోనికా యూదు లాయరు ఇమ్మాన్యుయెల్ కరాసు. కుట్ర కథలకు మాత్రం కరాసు ఒక్కడే గుర్తుంటాడు.

చరిత్ర_గుమాస్తా:
డబ్బింగ్ వదిలేసి టర్కిష్ ఆడియో వినండి. ‘సియోనిస్ట్’ రాజకీయం, ‘మూసెవీ’ మతానికి మర్యాద మాట, ‘యహూదీ’ జాతి పేరు. సబ్‌టైటిల్‌లో మూడూ ‘యూదులు’ అయిపోతే తప్పు ఎవరిదో తేలదు.

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: నిమిషం, పాత్ర, చేసిన పని, కారణం. ఇంగ్లీషు విలన్‌కీ అదే పట్టీ నింపండి. అతనికి సామ్రాజ్యమో, వ్యాపారమో కారణంగా దొరికి, యూదు పాత్ర దగ్గర ఆ గడి ఖాళీగా మిగిలిందంటే విషయం అక్కడే ఉంది.

2006 సినిమా ‘కుర్త్‌లార్ వాదిసి: ఇరాక్’లో ఖైదీల అవయవాలు కోసి విదేశాలకు పంపే యూదు డాక్టరు ఉంటాడు. పిల్లల రక్తం తీస్తారన్న మధ్యయుగపు నిందకు ఇది కొత్త చొక్కా. తమాషా ఏమిటంటే, 1840లో డమాస్కస్‌లో ఆ నింద లేచినప్పుడు అది అబద్ధమని ఫర్మానా ఇచ్చింది సుల్తాన్ అబ్దుల్‌మెజీద్, అంటే ఈ అబ్దుల్‌హమీద్ తండ్రే! కుట్ర కథలన్నిటికీ మూలగ్రంథంలాంటి, యూదులు ప్రపంచాన్ని ఏలడానికి వేసిన పథకమని చెప్పుకునే ‘ప్రోటోకాల్స్’ దొంగరాత అని 1921లో బయటపెట్టింది కూడా ఇస్తాంబుల్‌లో ఉన్న లండన్ ‘టైమ్స్’ విలేఖరి ఫిలిప్ గ్రేవ్స్. 1864 నాటి ఒక ఫ్రెంచి వ్యంగ్య పుస్తకంలోంచి ఎత్తిరాశారని పక్కపక్కన పెట్టి చూపించాడు.

కృష్ణలంక_ప్రేక్షకుడు:
ధన్యవాదాలండీ. ‘అయితే ఇజ్రాయెల్‌ను ఏమీ అనకూడదా’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

బ్రాడీపేట_4వలైను:
అనొచ్చు, ఎంత ఘాటుగానైనా. ఫలానా ప్రభుత్వం, ఫలానా సైన్యం, ఫలానా రోజు చేసిన పని అంటే విమర్శ. ‘వాళ్ల రక్తమే అంత’, ‘తెరవెనక ప్రపంచాన్ని ఆడించేది వాళ్లే’ అంటే విద్వేషం. టర్కీలో ‘ఉస్త్ అకిల్’ అంటారు, పైనుంచి ఆడించే బుర్ర అని. ఆ మాట వినబడ్డ నిమిషం రాసుకోండి.

టర్కీ అంతా ఇంతే అనుకోకుండా 2021 నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘కులుప్’ కూడా వేయండి. 1950ల ఇస్తాంబుల్లో లదీనో (స్పెయిన్ మూలాలున్న యూదుల భాష) మాట్లాడే తల్లీకూతుళ్ల కథ, వెనక ముస్లిమేతరుల మీద ఎక్కువగా పడ్డ 1942 సంపద పన్ను దెబ్బ. యూదుడంటే కోటేసుకున్న బ్యాంకరే అనుకునేవాళ్లకు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటిస్తూ తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిం వాళ్లున్నారని చెప్పండి.

చరిత్ర_గుమాస్తా:
ఇంకోటి. టర్కీ ఎపిసోడ్ ఒక్కోటి రెండు గంటలు దాటుతుంది. రెండూ పూర్తిగా వేస్తే చర్చకు కుర్చీలే మిగులుతాయి. పదేసి నిమిషాల ముక్కలు నాలుగు కోసుకోండి, ప్రతి ముక్కకు ముందూ వెనకా రెండు నిమిషాలు ఉంచి. లేకపోతే సందర్భం మింగేశారంటారు.