బీ షిఫ్ట్ వారం పిల్లల్ని ఎవరు చూడాలి? ఉద్యోగం మానేయనా?

బాచుపల్లి అమ్మ:

నేను ఒక ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట, చేస్తాను. ఎనిమిదేళ్లు నిండాయి, అన్నీ ఇక్కడే. పెద్దదానికి మూడేళ్లు, చిన్నోడికి ఎనిమిది నెలలు. మెటర్నిటీ లీవ్ 26 వారాలూ వాడుకుని మళ్లీ డ్యూటీలో చేరాను. ఇన్నాళ్లూ అత్తయ్య మా దగ్గర ఉన్నారు కాబట్టి గడిచింది. ఇప్పుడు నరసరావుపేటలో మామయ్యకు మోకాలి ఆపరేషన్ అన్నారు. ఆవిడ వచ్చే నెల వెళ్లిపోతారు, తిరిగి ఎప్పుడొస్తారో ఆవిడకే తెలీదు. మా అమ్మ దగ్గర తమ్ముడి పిల్లలున్నారు, ఆవిణ్ని అడగలేను.

మాకు ఒక వారం ఏ షిఫ్ట్, ఒక వారం బీ షిఫ్ట్. ఏ షిఫ్ట్ అయితే తెల్లవారుజామున ఐదుంబావుకే బస్సు, మధ్యాహ్నం మూడుకల్లా ఇంట్లో ఉంటాను. ఆ వారం మా ఆయనే పిల్లల్ని లేపి, స్నానాలు చేయించి, డేకేర్‌లో దింపి సికింద్రాబాద్‌లో ఆఫీసుకు వెళ్తారు. జడ వేయడం రాదు, రబ్బరుబ్యాండుతో కానిచ్చేస్తారు. పెద్దది దానికీ అలవాటు పడింది. గొడవంతా బీ షిఫ్ట్‌తోనే. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కితే రాత్రి పది దాటాకే దిగడం. డేకేర్ ఆరున్నరకు మూసేస్తారు. ఆయన ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. ఆ రెండు గంటలు ఎవరు చూస్తారు? పక్క ఫ్లాట్ ఆంటీ ఒకటి రెండు రోజులంటే సరే, నెలలో సగం రోజులు ఏ మొహంతో అడుగుతాం?

ఇక డబ్బు. నాకు చేతికొచ్చేది 38 వేలు. డేకేర్ పెద్దదానికి 8,500, చిన్నోడికి 10,500. వంటామెకు 4 వేలు. ఆటోలు, మందులు కలిపి ఇంకో 2 వేలు. మిగిలేది 13 వేలు. "13 వేల కోసం ఇంత టెన్షన్ ఎందుకు, రెండు మూడేళ్లు ఇంట్లో ఉండు, తర్వాత చూసుకుందాం" అంటారు ఆయన. దెప్పడం కాదు, నన్ను చూసి జాలిపడే అంటున్నారు. ఆయన జీతం 62 వేలు, అందులో ఫ్లాట్ ఈఎంఐ 27 వేలు పోతుంది.

నాకు ఆ పని ఇష్టం. హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌లోకి మందు శాంపిల్ ఎక్కించాక గ్రాఫులో బేస్‌లైన్ సాఫీగా వచ్చి పీకులు విడివిడిగా పడితే ఇప్పటికీ సంతోషమే. కానీ బీ షిఫ్ట్ వారమంతా పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరడం అంటే అదీ కష్టంగానే ఉంది. మానేసినవాళ్లు, మానేసి మళ్లీ చేరినవాళ్లు చెప్పండి. "మనసు ఏం చెబితే అది చెయ్యండి" అని మాత్రం అనొద్దు, నా మనసు రోజుకో మాట చెబుతోంది.

హెచ్‌పీఎల్‌సీ అక్క:

నేనూ క్యూసీయే, పాశమైలారం వైపు. రెండో కాన్పయ్యాక మానేసి మూడేళ్లు ఇంట్లో ఉన్నాను. ఆ మూడేళ్లు బాగానే గడిచాయి, ఏడుస్తూ ఏం కూర్చోలేదు. తిరిగి చేరేటప్పుడే కష్టమైంది. ఇంటర్వ్యూలో డేటా ఇంటెగ్రిటీ (రికార్డులు నిజాయితీగా ఉంచడం), ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్ (రిజల్టు పరిమితి దాటితే ఎందుకో తేల్చడం) మీద గుచ్చి గుచ్చి అడిగారు. ఆఖరుగా ఎదుర్కొన్న ఆడిట్ ఏదంటే పాతది చెప్పాల్సి వచ్చింది. సీనియర్ ఎగ్జిక్యూటివ్‌గా మానేస్తే ఎగ్జిక్యూటివ్‌గా తీసుకున్నారు. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు నా నోట్‌బుక్ రివ్యూ చేస్తుంది. మంచి పిల్లే, అయినా మొదట్లో మింగుడు పడలేదు.

నీ లెక్క దగ్గర నాకో అభ్యంతరం ఉంది. పిల్లల ఖర్చు 25 వేలూ నీ జీతంలోంచే ఎందుకు తీశావు? పిల్లలు ఇద్దరివీ కదా. ఇంటికి సరిగ్గా లక్ష వస్తోంది, అందులో పాతిక వేలు పిల్లలకు పోతోంది అని రాసి మీ ఆయనకు చూపించు. పీఎఫ్ అసలు రాయనే లేదు. బేసిక్ 18 వేలు అనుకుందాం. నీ వాటా 2,160. కంపెనీ అంతే వేస్తుంది, అందులో 1,250 పెన్షన్‌కు, 910 పీఎఫ్‌కు. అంటే నెలకు 4,320 నీ చేతికి రాకుండానే నీ పేరున పడుతోంది. కంపెనీ ఇన్సూరెన్స్ దీనికి అదనం.

పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, తొమ్మిదిన్నరేళ్లయితే పదిగానే లెక్కేస్తారు. పెద్ద మొత్తమేం కాదులే, పెన్షన్ లెక్కకు జీతం 15 వేలదాకానే తీసుకుంటారు, ఆ సీలింగు మీద పదేళ్లకు నెలకు రెండు వేల చిల్లర. దాని కోసం ఉద్యోగం చెయ్యమనను. కానీ ఒకవేళ మానేస్తే ఫారం 10సిలో పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడుగు. ఎనిమిదేళ్లూ అలాగే నిలిచి ఉంటాయి, మళ్లీ ఎక్కడ చేరినా దానికి కలుస్తాయి. పీఎఫ్ కూడా కదపకు, 58 ఏళ్లదాకా వడ్డీ పడుతుంది, మానేశాక వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి, అంతే. గ్రాట్యుటీ ఐదేళ్లు దాటింది కాబట్టి ఎటూ వస్తుంది. అదే బేసిక్ మీద 83 వేల దాకా.

అయినా నువ్వు రాసింది చూస్తే ఏ షిఫ్ట్ వారం అన్నీ సర్దుకుంటున్నాయి. చిక్కు బీ షిఫ్ట్ సాయంత్రం రెండు గంటలది. ఆ రెండు గంటల కోసం ఉద్యోగం వదులుకునే ముందు జనరల్ షిఫ్ట్ (రోజూ పగటిపూటే) అడిగావా? నోటితో అడిగితే లాభం లేదు, మెయిల్ పెట్టు. స్టెబిలిటీలోనో (మందు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసే సెక్షన్) డాక్యుమెంట్ రివ్యూలోనో ఖాళీ ఉందేమో చూడు. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని చట్టం చెబుతోంది, పిల్లాడికి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు కూడా ఇవ్వాలి. ఇవి మెయిల్‌లో మర్యాదగా రాయి, బెదిరించినట్టు వద్దు.

తెనాలి బామ్మ:

అమ్మాయ్, నేను మానేసినదాన్ని. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని, మా రెండోవాడు పుట్టాక మళ్లీ వెళ్లలేదు. నాకు విచారం లేదు. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి వేడిగా ఏదో ఒకటి చేసి పెట్టేదాన్ని, నాకది నచ్చింది. అయితే మానేసే ముందే మా ఆయనతో ఒక మాట ఖాయం చేసుకున్నాను, నెలనెలా నా పేరున పోస్టాఫీసులో ఇంత కట్టాలని. చీరకో, పుట్టింటికి బస్సు టికెట్టుకో చెయ్యి చాచకుండా బతికాను. నువ్వూ మానేస్తే ముందు పీపీఎఫ్ ఖాతా తెరిపించుకో, ఎంత కట్టేదీ ఇప్పుడే తేల్చుకో. మానేశాక అడిగితే ఆ మాట వేరేగా వినిపిస్తుంది మగవాళ్లకు.

నిజాంపేట నాన్న:

ఒక మాట, ఏమీ అనుకోకండి. మీరు షిఫ్ట్ మార్చమని అడగాలి, మీరు మానేయాలి, మీరు లీవ్ పెట్టాలి. మీ ఆయన తన ఆఫీసులో ఏమైనా అడిగారా? మా ఇంట్లో నా భార్య నర్సు, మధ్యాహ్నం డ్యూటీ పడిన వారాలు నేను ఎనిమిదింటికే ఆఫీసుకు వెళ్లి ఐదింటికి బయటపడతాను. మేనేజర్ మొదట ముఖం చిట్లించాడు, తర్వాత చిట్లించడం మానేశాడు. ఎంఎంటీఎస్ రైలు దిగి డేకేర్‌కు చేరేసరికి ఆరుంబావు. ట్రాఫిక్ మన చేతిలో లేదు కాబట్టి బైకు మానేశాను.

బాచుపల్లి అమ్మ:

అందరికీ థాంక్స్. నిజాంపేట నాన్నగారి మాట మా ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. అకౌంట్స్‌లో ఉన్నారు కదా, నెలాఖరు ఐదారు రోజులు తప్ప మిగతా రోజుల్లో తొందరగా రావడం కుదురుతుందేమో సోమవారం అడుగుతానన్నారు. డేకేర్ ఆవిడ ఏడింటిదాకా ఉంటానంది, నెలకు 1,500 ఎక్కువ ఇస్తే. అది ఇస్తాం.

హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాను. జనరల్ షిఫ్ట్ మూడు నెలలకు ఇస్తామని, ఆ తర్వాత మళ్లీ చూద్దామని జవాబిచ్చారు. క్రెష్ "పరిశీలనలో ఉంది" అట. చాలాకాలంగా పరిశీలనలోనే ఉంది లెండి. స్టెబిలిటీలో ఒకమ్మాయి నోటీసు పీరియడ్‌లో ఉంది, ఆ సీటు కోసం మా మేనేజర్‌ను అడిగాను, కాదనలేదు.

మూడు నెలలయ్యాక జనరల్ షిఫ్ట్, స్టెబిలిటీ సీటు రెండూ కుదరకపోతే మాత్రం జీతం లేని సెలవు (ఎల్ఓపీ) పెడదామనుకుంటున్నా. బామ్మగారూ, పీపీఎఫ్ సంగతి మానినా మానకున్నా చేస్తాను. అక్కా, ఎల్ఓపీ పెడితే ఆ నెలలు పెన్షన్ సర్వీసులోకి వస్తాయా?

హెచ్‌పీఎల్‌సీ అక్క:

రావు. జీతం లేని రోజులు ఎన్‌సీపీ డేస్‌గా (పీఎఫ్ కట్టని రోజులుగా) పడతాయి, పెన్షన్ సర్వీసు లెక్కలోంచి తీసేస్తారు. ఒకటి రెండు నెలలకు పెద్ద తేడా ఏముండదు, భయపడకు. కాకపోతే లీవ్ అప్లికేషన్ మీద అప్రూవల్ తీసుకునే ఇంటికెళ్లు. తర్వాత రావట్లేదని అబ్‌స్కాండ్ (చెప్పకుండా మానేసింది) అని రాస్తే ఆ తలనొప్పి పెద్దది. ఎర్న్‌డ్ లీవ్ ఎన్ని మిగిలాయో చూసి ముందు అవి వాడుకో. స్టెబిలిటీ సీటు వస్తే చెప్పు, ఆ పనికి నా దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంది, పంపిస్తాను.