స్పోర్ట్స్ కారు ఫుల్ పెయింట్‌కి షెడ్డుకో రేటా? తెలిసినవాళ్లు చెప్పండి

బెజవాడ బుల్లోడు – రాత్రి 9:40
పొద్దున తొమ్మిదింటికి ఆటోనగర్‌లో అడుగుపెట్టాను, ఇప్పుడే ఇంటికొచ్చాను. నాలుగు షెడ్లు తిరిగాను. నా స్పోర్ట్స్ కారుకి ఫుల్ బాడీ పెయింట్ కావాలంటే మొదటాయన 48 వేలన్నాడు. రెండో ఆయన లక్షా 10 వేలు. మూడో చోట ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, 2 లక్షల 75 వేలని కాగితం చేతిలో పెట్టారు. జీఎస్టీ అదనమట. నాలుగో ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద వేలితో కొట్టి చూసి, "మా వల్ల కాదండీ" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఎందుకో చెప్పలేదు. కారు ఒకటే, రంగు ఒకటే, ఇంత తేడా ఏంటండీ? అసలు రేటు ఎంతుండాలి? ఎండలో తిరిగి తిరిగి తల పగిలిపోతోంది.

రాణిగంజ్ 61 – 9:46
ఏ కారు?

హైవే హరి – 9:52
స్పోర్ట్స్ కారు కొన్నవాడివి 48 వేల షెడ్డుకి ఎందుకెళ్లావు బ్రో? పోర్షే అయితే కంపెనీ వాళ్ల దగ్గరికే తీసుకెళ్లు. బయట ముట్టుకోనివ్వకు.

బెజవాడ బుల్లోడు – 9:58
పోర్షే కాదండీ. రెండు సీట్లది, టాప్ తీయొచ్చు, చిన్న కారు. పేరుతో పనేముంది, పెయింటే కదా.

స్ప్రేగన్ శీను – 10:15
పేరుతోనే పనంతా. సరే, మామూలుగా చెప్తా. మాది ఇదే పని, పదహారేళ్లుగా. జనం రంగు డబ్బా ఖరీదు చూస్తారు, మా బిల్లులో బరువంతా రంగు కింద జరిగే పనిది. 48 వేలన్నాయన అద్దాలు విప్పడు, వాటి చుట్టూ ఉండే రబ్బరు బీడింగులు విప్పడు, వాటి మీద టేపు అంటించి కొట్టేస్తాడు. ఏడాది తిరక్కుండా ఆ టేపు అంచు దగ్గర్నుంచే పొర లేస్తుంది. షెడ్డు రోడ్డు పక్కన తెరిచి ఉంటే లారీ పోయినప్పుడల్లా దుమ్ము వచ్చి క్లియర్ మీద, అంటే రంగు పైన కొట్టే మెరుపు పొర మీద కూర్చుంటుంది. లక్షా 10 వేలన్నాయన బంపర్లు, లైట్లు, హ్యాండిళ్లు విప్పి పీయూ (పాలీయురేథేన్) రంగు బేస్‌గా, పైన క్లియర్ కొడతాడనుకో. 2.75 వాళ్లు బండిని పూర్తిగా విప్పి బూత్‌లో, అంటే దుమ్ము రాని మూసిన గదిలో పెడతారు, మిషన్‌లో షేడ్ కలుపుతారు, గ్యారంటీ రాసిస్తారు. కాఫీ కూడా అందులోదే. మూడూ మూడు వేరే పనులు. అందరినీ "ఫుల్ పెయింట్ ఎంత" అని ఒక్క ప్రశ్నే అడిగావు, ఎవడి పనికి వాడు రేటు చెప్పాడు.

మాస్టారు 58 – 10:31
శీనుగారు చెప్పింది బాగుంది కానీ, మా రోజుల్లో కారుకి డ్యూకో వేయించేవాళ్లం. అద్దంలా మెరిసేది. ఇప్పటి ప్లాస్టిక్ రంగులకి ఆ లోతు లేదు. అబ్బాయ్, డ్యూకోనే వేయించు, సగం ఖర్చుతో పోతుంది.

స్ప్రేగన్ శీను – 10:38
మాస్టారూ, డ్యూకో అంటే ఏదండీ? ఇప్పుడు షెడ్డులో ఏ రంగు కొట్టినా డ్యూకో అనే అంటున్నారు. మీరనేది ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ రంగు. అది కొట్టాక రోజంతా రుద్దితే గానీ మెరుపు రాదు, పెట్రోలు చుక్క పడితే మచ్చ.

మాస్టారు 58 – 10:55
నాకు తెలియక కాదు నాయనా. డ్యూకో అనేది డ్యుపాంట్ కంపెనీ పెట్టిన పేరు. 1920లలో జనరల్ మోటార్స్ కార్లకి మొదట వాడారు. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులూ వారాలూ పట్టేది, ఇది గంటల్లో ఆరిపోయేది. అందుకే రకరకాల రంగుల కార్లు వచ్చాయి. నైట్రోసెల్యులోజ్ అది, అంటే దూది నుంచి వచ్చిన సరుకు. ఒక్క ఇబ్బంది ఉంది, వానాకాలం గాలిలో తడి ఉంటే కొట్టగానే పాలు పోసినట్టు తెల్లబారేది. అప్పుడు రంగు నెమ్మదిగా ఆరేలా రిటార్డర్ కలిపేవాళ్లం.

హైవే హరి – 10:57
చరిత్ర క్లాసు అయిందా సార్, కారు పేరు ఇంకా తెలియలేదు.

రాణిగంజ్ 61 – 11:02
వేలితో కొట్టి చూశాడన్నాడు. ఫైబర్ బాడీ. శాన్ స్టార్మ్.

బెజవాడ బుల్లోడు – 11:05
అవునండీ, నా కారు శాన్ స్టార్మే! ఎలా కనిపెట్టారు? ఫైబరైతే ఏంటి, తుప్పు పట్టదు కదా, పని తక్కువే కదా అని చెప్పలేదు.

స్ప్రేగన్ శీను – 11:20
అన్నా, అది మొదటి లైన్లో చెప్పాల్సిన మాట! నేను పైన రాసిందంతా రేకు బాడీకి. గాజు నారకి రెజిన్ పట్టించి చేసే ఫైబర్ కథ వేరు. బానెట్ మీద, డోర్ హ్యాండిళ్ల చుట్టూ సాలెగూడులా సన్న గీతలున్నాయా? ఉంటాయి, అంత పాత బండికి లేకుండా ఉండవు. అవి రంగులో గీతలు కావు, కింద జెల్‌కోట్, అంటే ఫైబర్ మీదుండే గట్టి రెజిన్ పొర, పగిలింది. వాటి మీద పుట్టీ పూసి కొడితే డెలివరీ రోజు బ్రహ్మాండంగా ఉంటుంది. బండి నడిచేటప్పుడు ఫైబర్ వంగుతుంది, పుట్టీ వంగదు, కొన్నాళ్లకి అవే గీతలు అక్కడే తేలతాయి. ఒక్కో గీతనీ గాడిలా తవ్వి, అడుగుదాకా వెళ్లి, రెజిన్ నింపి, అవసరమైన చోట గాజు నార మ్యాట్ వేసి, ఆరాక రుద్దాలి. దీనికే వారం పైన పడుతుంది.
ఇంకోటి, పాత రంగు తీయడానికి పెయింట్ రిమూవర్ పూయనివ్వకు. రేకు మీద పాత రంగుని ఊడదీసేది ఫైబర్ మీద జెల్‌కోట్‌ని కూడా తినేస్తుంది. పేపరుతో చేత్తో రుద్దాల్సిందే. బూత్‌లో రేకు బండికి 60 డిగ్రీలు పెడతాం. ఫైబర్‌కి అంత వేడి పెడితే లోపల చిక్కుకున్న గాలి ఉబ్బి బుడగలొస్తాయి, ఒక్కోసారి కింద నేత అచ్చు కూడా పైకి కనిపిస్తుంది. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచాలి. నీ నాలుగో షెడ్డు ఆయన నిజాయితీపరుడు. రాని పని రాదన్నాడు.

హైవే హరి – 11:24
అయ్యో రామా, శాన్ స్టార్మా! 1149 సీసీ రెనో ఇంజన్, 60 గుర్రాలు. దాన్ని స్పోర్ట్స్ కారంటే ఎలా బ్రో? మా బావ స్విఫ్ట్ దాటేస్తుంది.

బెజవాడ బుల్లోడు – 11:27
రెండు సీట్లు, తెరిచే టాప్ ఉంటే స్పోర్ట్స్ కారే.

హైవే హరి – 11:28
అలాగైతే బజాజ్ చేతక్ కూడా స్పోర్ట్స్ కారే. రెండు సీట్లు, టాపే లేదు.

డాలస్ మావ – 11:40
వీటన్నింటి బదులు ర్యాప్ చేయించు తమ్ముడూ, అంటే బండికి రంగు ప్లాస్టిక్ షీటు అంటించడం. ఇక్కడ నా మజ్దా మియాటా కారుకి పెయింట్ అడిగితే ఒకడు 1500 డాలర్లు, ఒకడు 9 వేల డాలర్లు. తేడా మీ దగ్గరే కాదు. చివరికి వినైల్ ర్యాప్ చేయించా, హాయిగా ఉంది.

రాణిగంజ్ 61 – 11:43
పగిలిన జెల్‌కోట్ మీద ర్యాప్ వేస్తే గీతలన్నీ అచ్చుపడతాయి.

హైవే హరి – 11:50
పోనీ ఇది పనికొచ్చే మాట. పని అయ్యాక మైక్రాన్ మీటర్ తెచ్చి పొర మందం కొలిపించు బ్రో. పుట్టీ ఎక్కడ దట్టించారో ఇట్టే దొరికిపోతుంది.

స్ప్రేగన్ శీను – 11:53
హరీ, ఆ మీటర్ కింద లోహం ఉంటేనే చూపిస్తుంది. ఫైబర్ మీద పెడితే నంబరే రాదు. అందుకే ప్రైమర్, అంటే రంగు కింద కొట్టే అడుగు పొర, కొట్టే ముందే ఫొటోలు అడగమంటాను.

బెజవాడ బుల్లోడు – ఉదయం 6:50
రాత్రి నిద్రపోయాను, సారీ. శీనన్నా, సాలెగూడు గీతలున్నాయి, చాలా ఉన్నాయి. నాకు ముందున్నాయన ఒకసారి పైపైన కొట్టించాడట, ఆ రంగు డోరు అంచుల్లో పెచ్చులు లేస్తోంది. ఇంకో మాట, ఇప్పుడు పసుపు రంగులో ఉంది, ఎరుపు చేద్దామనుకుంటున్నా.

రాణిగంజ్ 61 – 7:10
ఇది కూడా ఇప్పుడా చెప్పేది.

స్ప్రేగన్ శీను – 7:35
ఒకే రంగు అన్నావు నిన్న! రంగు మారితే డోర్ల లోపలి అంచులు, బానెట్ కింద, డిక్కీ లోపల అన్నీ కొట్టాలి. లేదంటే డోరు తీయగానే పసుపు కనిపిస్తుంది. ఎరుపు కప్పడం కూడా తక్కువ, ఎక్కువ కోట్లు పడతాయి. పెచ్చులు లేస్తున్న పాత పొర మొత్తం రుద్ది తీయాల్సిందే, దాని మీద ఎంత ఖరీదైన రంగు కొట్టినా దాంతోపాటే ఊడుతుంది. అన్నీ కలిపితే నేనైతే లక్షా 60 కింద ఒప్పుకోను. పసుపే ఉంచితే పాతిక ముప్పై వేలు తగ్గుతుంది. 2.75 వాళ్లు మోసగాళ్లని కాదు కానీ, ఫైబర్ రిపేరు వాళ్లే చేస్తారా, బయటికి పంపుతారా అని అడుగు. పడవలు, నీళ్ల ట్యాంకులు చేసే ఫైబర్ పనివాళ్ల దగ్గర గీతలు సరిచేయించి, తర్వాత పెయింట్ షెడ్డుకి ఇవ్వడం ఇంకో దారి. తక్కువలో పోతుంది, కానీ రేపు గీత తేలితే తప్పు నీదంటే నీదని ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.
ఏ భాగాలు విప్పుతారు, ఏ కంపెనీ క్లియర్, ఎన్ని కోట్లు, ఇవి కాగితం మీద రాయించుకో. ప్రైమర్ కొట్టే ముందు రోజు వెళ్లి చూసుకో, అది దాటితే ఏమీ కనపడదు. మొత్తం డబ్బు ముందే ఇవ్వకు.

ఆర్సీ రాజా – 8:05
పెయింట్ సంగతి నాకు తెలియదు కానీ రంగు మారిస్తే ఆర్సీలో కూడా మార్పించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి. ఆర్సీలో పసుపు, రోడ్డు మీద ఎరుపు అంటే చెకింగ్‌లో ఆపుతారు. పైగా మీ బండి 15 ఏళ్లు దాటే ఉంటుంది, రెన్యువల్ అయిందా? కాకపోతే ముందు అది చూసుకోండి. మా తమ్ముడు ఇలాగే పాత జీపుకి లక్ష పెట్టి రంగేయించి, తర్వాత ఫిట్‌నెస్ రాక ఇంట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి అందులో.

మాస్టారు 58 – 8:20
పసుపే ఉంచు నాయనా. మంచి రంగు. పెద్ద వానలు తగ్గాకే మొదలుపెట్టు, ఫైబర్ తడి పట్టి ఉంటే లోపలి నుంచి పొక్కులొస్తాయి.

స్ప్రేగన్ శీను – 8:24
ఇది మాత్రం మాస్టారు కరెక్ట్.

బెజవాడ బుల్లోడు – 4 రోజుల తర్వాత
అందరికీ థాంక్స్. రెన్యువల్ అవ్వలేదు, ఆ పనిలో తిరుగుతున్నా. రంగు సంగతి దసరా తర్వాత చూస్తా.

గోదారి గేరు – 3 నెలల తర్వాత
అన్నా రంగేయించారా? నాదీ అదే బండి, రాజమండ్రి. ముందు అద్దం చుట్టూ వచ్చే రబ్బరు బీడింగు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే కాస్త చెప్పండి.

రాణిగంజ్ 61 – 3 నెలల తర్వాత
దొరకదు.