అప్‌డేట్: పాత ల్యాప్‌టాప్‌కు కొత్త మానిటర్, ‘నో సిగ్నల్’ సంగతి తేలింది

వీజీఏ పోర్టు (బొమ్మను అనలాగ్‌లో పంపే పాత సాకెట్) ఒక్కటే ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌కు కన్వర్టర్ పెట్టి హెచ్‌డీఎంఐ (కొత్త డిజిటల్ సాకెట్) మానిటర్ తగిలిస్తే ‘నో సిగ్నల్’ అంటోందని పదిరోజుల కింద అడిగిన గదా. ఇప్పుడు పనిచేస్తోంది. జవాబిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర రిపేరు షాపాయన ల్యాప్‌టాప్ ఆన్ కూడా చేయలే. కన్వర్టర్ తిప్పి చూసి, "ఇది ఉల్టాది అన్నా" అన్నడు. నేను కొన్నది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది. సిగ్నల్ ఒక్క దిక్కే పోతది. ‘ఇన్‌పుట్ ఎటుందో చూడు’ అని ఇక్కడ ఒకరు మొదటిరోజే చెప్పిన్రు, నేనే పట్టించుకోలే.

వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది తెచ్చిన. దానికి చిన్న యూఎస్‌బీ తోక ఉంటది. అనలాగ్‌ను డిజిటల్ చేసే చిప్‌కు కరెంటు అక్కడినుంచే. తోక దేంట్లో గుచ్చకుండ వేలాడదీసి ఆన్ చేస్తే మళ్లా నల్ల తెరే, పానం పోయినంత పనైంది. యూఎస్‌బీలో గుచ్చగానే 1920×1080లో బొమ్మ వచ్చింది. అక్షరాలు కొంచెం మసక, నాకు నడుస్తది. వీజీఏలో సౌండ్ రాదు గనుక దానికి వేరే వైరు.

డ్రైవర్లు, కేబుల్ మార్చుడు, బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) దేనికీ సంబంధం లేదు. విండోస్ మళ్లీ వేసుడుకైతే ఆదివారం మొత్తం పాయె.