రక్షిత ఫెన్‌లో పొదలు నరకాలా, వదిలేయాలా?

తుంగపోచ: ఇంగ్లండ్‌లోని వికెన్ ఫెన్ అనే చిత్తడి నేల గురించి అడుగుతున్నాను. పీట్ నేల, అంటే పూర్తిగా కుళ్లని మొక్కలు పేరుకున్న నేల, ఉన్న ఆ చిత్తడిలో మొదటి ముక్కను నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ 1899లో కొన్నది. తుంగ కోసేవాళ్లు తగ్గేకొద్దీ పొదలు కమ్ముకున్నాయి. నరకడమే మంచిదంటాను.

అడవిదారి: వద్దు. ఫెన్ పొదగా, పొద అడవిగా మారడం ప్రకృతి పని. కాపాడటమంటే దాని జోలికి వెళ్లకపోవడం.

తుంగపోచ: 1927లో వృక్షశాస్త్రజ్ఞుడు హ్యారీ గాడ్విన్ అక్కడే మడులు విడదీసి ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని ఏటా కోశారు, కొన్ని రెండు, మూడు, నాలుగేళ్లకోసారి. ఒకదాన్ని అసలు ముట్టుకోలేదు. అది పొదలపాలైంది. ఏటా కోసినచోట రంపపు అంచుల తుంగ పోయి మోలీనియా గడ్డి వచ్చింది.

ఒడ్డుమీద: తుంగ ఎందుకు పోయింది?

తుంగపోచ: ఏడాదంతా పచ్చగా ఉంటుంది కానీ నిదానంగా పెరుగుతుంది. కోలుకునేలోపే మళ్లీ కత్తి పడుతుంది.

అడవిదారి: చూశారా, కోతే చంపింది!

తుంగపోచ: ఏటా కోస్తే అన్నాను. సరిగ్గా చదవండి.

అడవిదారి: చదివాను. అలాంటి ఇంకో ఫెన్‌లో రెండు చలికాలాలు వాలంటీర్‌గా పొదలు నరికాను. చేతులన్నీ గీరుకుపోయాయి. మరుసటి ఏడు ఒక్కో మోడుకు నాలుగైదు కొమ్మలు. ఎందుకు నరికిస్తున్నారని అడిగితే నన్ను పనికి పిలవడమే మానేశారు.

ఒడ్డుమీద: అది వాళ్ల తప్పు, కోత తప్పు కాదుగా.

నీటిమట్టం: ఇద్దరూ కత్తి దగ్గరే ఆగిపోయారు. చుట్టుపక్కల పొలాల కోసం నీళ్లు తోడేస్తే పీట్ కుంగిపోయి వికెన్ ఎత్తున మిగిలింది. ఇలాగే నీళ్లు తోడేసిన హోమ్ ఫెన్‌లో 1851 నాటి ఇనుప స్తంభం, అప్పుడు నేల మట్టానికి ఉన్నది, ఇప్పుడు దాదాపు 4 మీటర్లు పైకి కనిపిస్తుంది. ఎత్తున మిగిలిన వికెన్‌కు సున్నం కలిసిన నీళ్లు అందక వాననీరే దిక్కైతే మొక్కలు మారవా?

అడవిదారి: అదే కదా నా బాధ! నీళ్లే మారాక 1899ని పట్టుకుని వేలాడటం దేనికి?

తుంగపోచ: స్వాలోటెయిల్ సీతాకోకచిలుక కోసం. 1950ల్లో వికెన్‌లో అంతరించింది. దాని గొంగళిపురుగు తినే మిల్క్ పార్స్‌లీ పొద నీడలో బతకదు. నాకు కావలసింది ఆ రెక్కలు. ముందే చెప్పాల్సింది.

అడవిదారి: మీరు నరకమంటున్న బక్‌థార్న్ పొద ఆకుల మీదే బ్రిమ్‌స్టోన్ గొంగళిపురుగులు పెరుగుతాయి. అది సీతాకోకచిలుక కాదా?

తుంగపోచ: అవును. కానీ బ్రిమ్‌స్టోన్‌కు వేరే చోట్లున్నాయి. బ్రిటన్‌లో స్వాలోటెయిల్‌కు నార్ఫోక్ బ్రాడ్స్ చిత్తడులు తప్ప దిక్కులేదు.

నీటిమట్టం: రెండింటికీ ముందు నీళ్ల సంగతి తేల్చండి.