బొబ్బిలి యుద్ధానికి అసలు కారణం ఏంటి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి. 'యుద్ధాలు ఎందుకు వస్తాయి' అని స్కూల్లో మాట్లాడాలి. మాది బొబ్బిలి దగ్గరే కాబట్టి 1757 జనవరి 24న జరిగిన యుద్ధమే తీసుకుంది. తాండ్ర పాపారాయుడు గుడారంలోకి దూరి విజయనగరం రాజు విజయరామరాజును చంపడం వరకు గడగడా చెప్పేస్తుంది. 'అసలు గొడవ ఎందుకమ్మా?' అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మా తాతయ్య పొలం గట్టు మీద కూర్చుని, వాగు నీళ్ళు మళ్ళించుకోవడం దగ్గరే విజయనగరంతో పగ మొదలైందనేవారు. నీళ్ళ తగాదాలు చూసినదాన్ని కాబట్టి నాకూ అదే నిజమనిపిస్తుంది. కానీ నీళ్ళ కోసం ఫ్రెంచి ఫిరంగులు ఎందుకొస్తాయి? ఉత్తర సర్కారులు (మన కోస్తా ప్రాంతం) 1753లోనే నిజాం నుంచి ఫ్రెంచివాళ్ళ చేతికి వెళ్ళాయి. ఫ్రెంచి సేనాని బుస్సీకి కప్పం కావాలి, విజయరామరాజు అండ కూడా కావాలి. మరి పాత పగ బుస్సీని లాక్కొచ్చిందా, బుస్సీ రావడం వల్లే పగ యుద్ధమైందా?

కోటలో ఆడవాళ్ళు, పిల్లలు కూడా చనిపోయారు. అందుకే పాపకి తప్పు చెప్పకూడదని టెన్షన్‌గా ఉంది. చరిత్ర చదివినవాళ్ళు, మా వైపు పెద్దవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పగలరా? సోమవారమే మాట్లాడాలి.